మధ్యల స్టేజీ లేదు

హన్మకొండ బస్టాండు. పొద్దున ఏడున్నర.
మామునూరు ఎర్రమన్ను బూట్లకంటుకొని
ఎక్కిండు సర్వే పిలగాడు జునైద్.
మూడుకాళ్ల స్టాండును పసిపిల్ల లెక్క
ఒళ్లె పెట్టుకున్నడు.
"దీనికి గూడ టికెటా అక్కా?"
లగేజీ కొట్టిన. నవ్విండు.

ఆడోళ్లకు సున్నా టికెట్లు.
మిషన్లకెల్లి సున్నా, సున్నా, సున్నా.
పైసలు సున్నా అయినయి గని
దూరం ఒక్క గజం తగ్గలే.
హసన్‌పర్తి గుంతలు
హసన్‌పర్తిలనే ఉన్నయి.

పిలగాడు కాయితం ఇప్పిండు.
మామునూరు మీదొక చుక్క,
బసంత్‌నగర్ మీదొక చుక్క,
నడుమ స్కేలు పెట్టి గీసిన గీత.
"గాలిల తొంబై కిలోమీటర్లు అక్కా.
చిన్న విమానానికి ఇరవై రెండు నిమిషాలు.
అండ్ల లేసుడుకు కొంత, దిగుడుకు కొంత.
సక్కగ ఎగిరేది ఒక చాయ్ తాగేంత."

ఇరవై రెండు నిమిషాలల్ల నేనేం జేస్త?
నయీంనగర్ సిగ్నల్ దాటుత.
పన్నెండు మందికి చిల్లర లేదని చెప్త.
భీమారంల ఎక్కిన ముసలమ్మ కోసం
ఒగన్ని సీట్లకెల్లి లేవుమంట.
వాడు లేవడు.
మళ్లొకసారి అంట.

ఎల్కతుర్తిల ఎక్కిన పత్తి దళారి అడిగిండు:
"జమ్మికుంట మీదికెల్లేనా పోయేది?"
"గీత దాదాపు దాని మీదికెల్లే."
"ఆగుతదా?"
పిలగాడు కాయితం మళ్ల చూసిండు,
ఏడనన్న రాసి ఉన్నదేమో అన్నట్టు.
"మధ్యల స్టేజీ లేదు కాకా."

"నేను చూసిన ఇమానం," అన్నడు
ఎనక సీట్ల ఓదెలు తాత.
సిమెంటు కంపెనీ దొరలు దిగే దినాలల్ల
రన్‌వే మీది బర్లను కొట్టేది ఆయన నౌకరి.
ఆడ లేసిందని ఫోనొస్తది.
సైకిలెక్కి, కట్టె పట్టి,
గీ కొసకెల్లి ఆ కొసకు తోలేటాల్లకు
నెత్తి మీద గుయ్యిమంటది.
"ఏడికెల్లి లేసిందో నాకెవ్వలు చెప్పలే బిడ్డా.
నా లెక్కల దూరమంటే
ఎన్ని బర్లను తోలిన్నో అంత."

జునైద్ జర సేపు ఊకున్నడు.
తర్వాత మెల్లగ, నాకే ఇనబడేటట్టు:
"నిన్న పాత రన్‌వే కొస దొరికిందక్కా.
పగుల్లల్ల గునుగు పూసింది.
పీకబుద్ధి గాలే.
చుక్కను రెండడుగులు పక్కకు పెట్టిన.
సార్‌కు చెప్పలే."

మానేరు వంతెన మీద ఇసుక లారీలు.
మొగిలన్న బండి స్లో చేసిండు.
గా గీత గిక్కడ ఎంత ఎత్తుల పోతదో అని
కిటికీలకెల్లి పైకి చూసిన.
ఒక గద్ద ఉన్నది.
దానికి తొందర లేదు.

పెద్దపల్లిల సగం బస్సు కాళీ.
బసంత్‌నగర్ ఇంక రాకముందే
ఓదెలు తాత డోరు కాడికొచ్చిండు.
స్టేజీ కాదు తాతా అన్న.
అని, బెల్లు కొట్టిన.
"ఇల్లు శాన దూరమా?"
"గా సర్కారు తుమ్మల ఎనక పాత రన్‌వే.
దాని ఆ కొసకు నా ఇల్లు.
సైకిలమ్మిన. బర్లు లేవు.
నడిస్తే ఇరవై నిమిషాలు.
మోకాలు ఇనకుంటే ఇంకో రెండు."

రైట్ అన్న.
బండి కదిలింది.
పిలగాడు కిటికీలకెల్లి తల బయటికి పెట్టి
తుమ్మలల్లకు పోతున్న తెల్లరుమాలును చూసుకుంట
చేతి గడియారం తిప్పుకున్నడు.
తల లోపల పెట్టుమన్న.