మూడో రంధ్రం

చిక్‌పేటలో ఇరుకు మెట్లెక్కితే మా కొట్టు.
పాత వాచీలకు వెల కట్టడం నా పని.

నిన్న రెండొచ్చాయి.
ఒకటి ఇరవై రెండేళ్లు బీరువాలో పడుకుంది.
వెనకాల ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు.
పెట్టె, బిల్లు, తుడిచే గుడ్డ, అన్నీ భద్రం.
భూతద్దం పెట్టి ఎంత వెతికినా
ఒక్క గీత లేదు,
ఒక్క మనిషి లేడు.
అడిగినంతా ఇచ్చేశాను.

రెండోది త్రివేణమ్మ తెచ్చింది, చేతిరుమాల్లో చుట్టి.
అదే కంపెనీ, అదే ఏడు.
అద్దం నిండా గీతలు, అంచున సొట్ట.
"మైసూరు రోడ్డులో స్కూటర్ మీంచి పడ్డారు" అంది,
అదేదో నిన్నటి సంగతైనట్టు.
బెల్టుకు మూడో రంధ్రం బాగా సాగింది,
నాలుగోది కొంచెం.
ఆ పైన మేకుతో పొడిచినవి ఇంకో రెండు, వంకరగా.
వాటి గురించి నేనడగలేదు.
ఆవిడా చెప్పలేదు.

మూడో వంతు చెప్పాను.
బజారు రేటు అదే, నేనేం చేయను!
ఆవిడ నవ్వి, మళ్లీ రుమాల్లో చుట్టుకుని
గోడ పట్టుకుంటూ మెట్లు దిగింది.

నా సొరుగులోనూ ఒకటుంది,
ఆరేళ్ల బోనస్సులు కూడబెట్టి కొన్నది.
మెట్రోలో ఎవరైనా టైమెంతని అడిగితే
ఫోను తీసి చెబుతాను.

రాత్రి దాన్ని బయటికి తీశాను.
బయట వాన. వాచీకి వాన పడదని తెలుసు.
అయినా గోటితో పొర అంచు లేపాను.
సగం ఊడింది.

భయమేసి
వేలితో అదిమి చూశాను.
అంటుకోలేదు.