ఆరు వారాలు

ఏడు గడుల ప్లాస్టిక్ పెట్టె.
ఆదివారం సాయంత్రం నింపుకుంటాను.
రాత్రి గడిలో వేసే తెల్లమాత్ర ఒక్కటే
ఇరవై ఆరేళ్ళుగా మారలేదు.
మొగుడు మారాడు, ఇంటి పైకప్పు మారింది,
డాక్టర్లు ఐదుగురు మారారు.

ఈ చలికాలం తొడలు నా మాట వినడం మానేశాయి.
సౌనా గదిలో పైబల్లకి మూడు మెట్లు.
మొన్న కిందిబల్ల మీదే చతికిలబడ్డాను.
వేడంతా పైనే ఉండిపోయింది,
పలకరించకుండా పోయే చుట్టంలా.

కొత్త డాక్టరమ్మ సారెలాయినెన్
కాగితం నావైపు తిప్పింది.
"మాత్ర వల్ల కావచ్చు. ఎనభై మూడేళ్ళ వల్లా కావచ్చు.
ఆరు వారాలు ఆపి చూడొచ్చు,
ఆపకపోయినా తప్పు లేదు.
నిర్ణయం మీదే, హిల్కా."

నిర్ణయం మీదే అనడం
ఎప్పుడు నేర్చుకున్నారో వీళ్ళు!
మునుపటాయన వేలు చూపించి మింగమనేవాడు.
తిట్టుకుంటూ మింగేదాన్ని. హాయిగా ఉండేది.

మా నాన్న ఏమెలి, నలభై నాలుగో ఏట
అడవిలో కొట్టిన దుంగ మీదికి అలా ఒరిగాడు.
టోపీ కూడా జారలేదు.
అన్న అర్వో ట్రాక్టరు మీద.
ఇంజను చప్పుడు ఎంతకీ ఆగడం లేదేమని
అమ్మ పెరట్లోకి వచ్చి చూసింది.

మా వైపు మగాళ్ళ గుండెల్ని
వెన్నే తినేస్తోందని
తరవాతెవరో పట్నం నుంచి వచ్చి చెప్పారు.
అమ్మ వాళ్ళకి కాఫీ ఇచ్చింది,
రొట్టె మీద వేలిమందం వెన్న పూసి మరీ.
తొంభై ఒకటి దాకా బతికింది
ఒక్క మాత్రా మింగకుండా.

ముక్కు నాన్నది, మొండితనం అమ్మది.
గుండె ఎవరి పోలికో
ఏ అద్దంలో చూసుకోను?

రాత్రి రెండింటికి ఒక లెక్క తేలుతుంది,
తెల్లారి కాఫీ దగ్గర అది తప్పుతుంది.
పోతే అన్నలా పోనీ, ఒక్క క్షణం, అనుకుంటాను.
పోకుండా సగం నోరు పడిపోతే?
పక్కింటి లెంపి మూడేళ్ళుగా
చెంచా కోసం నోరు తెరుస్తోంది.

ఇవాళ మళ్ళీ ఆదివారం.
ఆరు గడుల్లో వేశాక ఏడోది అరచేతిలో ఆగింది.
కాసేపు దానివంక చూసి
ఆ ఆరూ తిరిగి ఏరాను.

సీసా పారెయ్యలేదు.
ఉప్పు డబ్బా వెనక్కి తోశాను,
అర్వో ఫోటోకి కనబడకుండా.

ఆరు వారాలంటే మే నెల నడుమ.
పియెలినెన్ సరస్సు మీద మంచు విడుతుంది.
ఒడ్డున బోర్లించిన పడవని తిరగేసి
నీళ్ళలోకి తోయాలి.
తోయగలిగితే తప్పు మాత్రది.
లేదంటే
పడవ బరువెక్కిందని చెబుతాను డాక్టరమ్మకి.