తెలీదన్న చోటు

ట్రామ్ నడపడానికి నాకు నాలుగు నెలలు నేర్పారు.
బ్రేకు నొక్కితే పట్టాల మీదికి ఇసుక ఎలా జారుతుందో,
గ్దాన్స్క్ వానకి తడిసిన ఆకుల మీద
చక్రం ఎందుకు మాట వినదో,
అన్నీ రాసుకున్నాను, పరీక్ష కూడా పాసయ్యాను.
బిడ్డను కనడానికి ఎన్ని నెలల చదువు కావాలి?

అమ్మ ఫోన్‌లో నవ్వింది.
"పిల్లి ఏ బడికెళ్ళి ఈనిందే?
నిన్ను కన్నప్పుడు నాకు నేర్పిందెవరు?"
ఎవరూ నేర్పలేదు. అది నాకు తెలుసు.
మూడు పగళ్ళు గోడ వైపు తిరిగి పడుకున్నానని
ఒక్కసారి, చేపలు తోముతూ, తనే చెప్పింది.
మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఏడో నెల రాగానే నన్ను ట్రామ్ దింపేసి
డిపోలో, పోయిన వస్తువుల గదిలో కూర్చోబెట్టారు.
గొడుగులు, ఒంటి చేతితొడుగులు, ఒక బాకా.
రెండోది దొరికిందా అని
రోజంతా ఎవరో ఒకరు వచ్చి అడుగుతుంటారు.
ఆ బల్ల మీదే మూడు కాగితాలు పరిచాను.

మొదటిది ఆసుపత్రి వాళ్ళది. ఉచితం.
ముప్పై జంటలు, తెర మీద బొమ్మలు,
మంత్రసాని తెర వైపు తిరిగి మాట్లాడుతుంది.
వీత్‌కి పుట్టుకతోనే వినపడదు. పెదాలు చదువుతాడు.
ఆ చీకట్లో ఆమె వీపు చదవలేక
నా ముఖం చదువుతూ కూర్చున్నాడు.
అయ్యాక వెళ్ళి అడిగాను:
"కాన్పు గదిలో అందరి మూతికీ గుడ్డ ఉంటుంది కదా,
ఈయన ఎవరి పెదాలు చదవాలి?"
"కంగారు పడకండి, కరపత్రం ఇస్తాం."

రెండోది ఒలీవాలో, అడవి అంచున.
ఖరీదు మా ఇంటద్దెలో సగం.
పెద్ద పెద్ద బంతులు, తేనెమైనం వాసన.
కళ్ళు మూసుకోండి, నా గొంతు వెంట రండి, అందావిడ.
వీత్ కళ్ళు మూసుకుంటే లోకం తలుపేసుకున్నట్టే.
తెరిచే ఉంచాడు.
నిద్రలో ఉన్నట్టున్న పన్నెండు మంది మధ్య
రాత్రి కాపలావాడిలా ఒక్కడే మేలుకుని.
"మౌనంలో బతకడం ఎంత అదృష్టం!" అందావిడ అతనితో,
చాలా నెమ్మదిగా, చాలా పెద్దగా.
ఇంటికొస్తూ ట్రామ్‌లో ఆమెను చేతులతో అనుకరించాడు.
నవ్వీ నవ్వీ నాకు నడుం పట్టేసింది.

ఆ రాత్రే అసలు భయం తెలిసింది.
నొప్పొస్తే అతని చెయ్యి పట్టుకుంటాను కదా.
పట్టుకున్న చెయ్యి మాట్లాడదు.
నా వేళ్ళు బిగిస్తే నా నోరూ మూతబడుతుంది,
అతని నోరూ మూతబడుతుంది.
లేచి దీపం వేసి చెప్పాను.
చాలాసేపు తన చేతుల్నే చూసుకున్నాడు.
ఓడల రేవులో వెల్డింగ్ పని, వేళ్ళ నిండా రవ్వల మచ్చలు.

మూడోది లైబ్రరీ పై అంతస్తు. ఆరే జంటలు.
ఒతీలియా అనే పాత మంత్రసాని, మోకాళ్ళ నొప్పులు,
కుర్చీ లాక్కుని కిటికీ వెలుగులో మా ఎదురుగా కూర్చుంది.
పట్టుకున్న చెయ్యి గురించి అడిగాను.
కళ్ళజోడు తీసింది. తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది.
"తెలీదమ్మా.
నలభై ఏళ్ళలో ఎవరూ అడగలేదు.
మంగళవారం రండి, వెతుకుదాం."
వీత్ వైపు తిరిగి మళ్ళీ అంది: తెలీదు.
ఆ మాటకి మీ భాషలో చెయ్యి ఎలా తిప్పుతారు, అంది.
చూపించాడు. ఆవిడ తప్పు చేసింది.
ఆమె మణికట్టు పట్టుకుని సరిదిద్దాడు.

అమ్మకి ఫోన్‌లో చెప్పాను.
కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "అక్కడికి తల్లుల్ని రానిస్తారా?" అంది.

మందపాటి మేజోళ్ళు, ఒక దిండు తెచ్చుకోమన్నారు.
ఇవాళ ఇంకా శుక్రవారమే.
దిండు అప్పుడే గుమ్మం దగ్గరుంది.