మరకల లెక్క

అజ్మాన్‌ల పదహారేండ్ల సంది లాండ్రీ నాది.
నాది అంటె, ఇస్త్రీపెట్టె నాది, దుకాణం కఫీల్‌ది.
తెల్ల కందూరా చేతిలకు రాంగనె చెప్త:
ఇది గహ్వా, ఇది కూరల పసుపు,
ఇది అత్తరు, ఎండకు పచ్చబడ్డది,
ఇది పిల్లగాన్ని ఎత్తుకుంటె కక్కింది.

నా బనీను మీది మరకనే చెప్పలేకపోయిన.

ఎడమ దిక్కు. కందిబద్దంత.
ఎంత ఉతికినా తెల్లారి అదే జాగల.
సబ్బు పడ్తలేదన్నడు అఫ్రోజ్.
ఆవిరి కాక అన్నడు కింది మందుల షాపాయన,
తెల్ల ట్యూబు ఇచ్చిండు, పది దిర్హాములు.
దురద. పొక్కు. పొలుసు రాలుడు.
మల్ల పొక్కు.
చనుమొన లోపలికి గుంజుకున్నది,
గుండీ తెగిన కాడ దారం ముడి లెక్క.
ఎవలకు చూపెట్టాలె?
ఎనిమిది మంచాల రూముల
అంగీ ఇప్పుడు బందు చేసిన, అంతే.

ఆస్పత్రిల ఆడోళ్ల వరుసల కూసోబెట్టిండ్రు.
చీటీ మీద నా పేరు ముంగట మిసెస్ అని పడ్డది,
ఆ మిషిన్‌ల ఇంకో మాట లేదట.
గంగనర్సు అని పిలిస్తె
బుర్ఖాలన్ని ఒక్కపారి తలలెత్తినయి.
ఎవ్వలు నవ్వలే. ఒకామె సంచి జరిపి జాగ ఇచ్చింది.

సూడాన్ డాక్టరమ్మ, హిందీ జరంత వచ్చు.
ఎన్ని రోజుల సంది?
తారీఖులు నా దగ్గర లెవ్వు, బనీన్లున్నయి.
కవరు ఇప్పి టేబులు మీద పరిచిన, తొమ్మిది.
ఈ చాయ్ రంగుది రంజాన్ ముందటిది,
ఈ ఇటుక రంగుది నాగులపంచమి నాటిది,
ఈ ఎర్రది నిన్నటిది.
అద్దాలు తీసి ఒక్కొక్కటి వెలుగుకు పట్టి చూసింది,
గిరాకి తెచ్చిన పట్టుబట్టను నేను చూసినట్టు.

ముక్క తీసి పంపిన పది రోజులకు
పేజెట్ అన్నది. ఎవలో పాత డాక్టరు పేరట.
మొగోళ్లకు వచ్చుడు శానా తక్కువట.
ఏటేటా లాటరీ టికెట్ కొంటున్న,
తగిలింది ఇది.

రాత్రి లచ్చుంబాయికి ఫోన్ చేసిన.
రొమ్ము అనెతందుకు నోరు రాలే, ఛాతీ అన్న.
గుండెనా? అన్నది.
కాదు. పిల్ల పాలు తాగేటప్పుడు నీకు పగిలిందే, గక్కడ.
శానసేపు ఫోన్‌ల గాలి చప్పుడు.
"గప్పుడు నేను ఏడుస్తుంటె
ఫ్యాను పెద్దగ పెట్టుకొని పన్నవు గదా."
అవును, పన్న.
"ఇప్పుడు నొస్తుందా?"

ఆపరేషన్ పొద్దుగాల.
మణికట్టుకు నంబరు కట్టిండ్రు, నీళ్లకు పోని సిరా.
డాక్టరమ్మ ఊదా పెన్నుతోటి
చనుమొన సుట్టు సున్న గీసింది.
మరక సుట్టు నేను సుద్ద గీసేది గట్లనే,
ఉతికెటోనికి ఎరుక కావాలెనని.
ఏమన్న అడుగుతవా అన్నది.
"మెల్లగ, అమ్మా. బట్ట పాతది" అన్న, తెలుగుల.
తలూపింది, సమజైనట్టె.