కుట్టు కనపడాల

లింగరాజపురం ఫ్లైఓవర్ దిగినాక
జెరాక్స్ అంగడికీ చికెన్ అంగడికీ నడాన నా మిషను.
జాకెట్లు, ఫాల్సు,
ఎదిగే పిలకాయల యూనిఫారాలకి అంచు విప్పి పొడుగు చేసేది.
ఇంతే నా పని.

ఒకనాటి సాయంత్రం పదమూడు మంది
చెప్పులకి బదులు చక్రాలేసుకోని వచ్చినారు.
"మునెక్కా, జెర్సీలు కుట్టాల."
ఏం ఆటకిరా?
"ఐస్ హాకీ."
నవ్వు ఆగలేదు నాకు.
ఐసంటే చేపల మార్కెట్లో
రంపప్పొట్టు కప్పిన దిమ్మె.
ఈ ఊర్లో దాని మీద నిలబడేంత జాగా యాడుండాది?

ఉండాదంట.
మాల్లో మూడో అంతస్తు, సినిమాహాలు పక్కన,
మా వీధి కల్యాణమంటపంలో సగం.
ఆదివారం పొద్దున అయిదున్నర నుంచి ఏడు దాకా,
టికెట్లు కొనే జనం రాకముందు.
తక్కిన ఆరు దినాలూ
చర్చి వెనక బాస్కెట్‌బాల్ గచ్చు మీద
చక్రాలతో తిరగతా
కింద మంచుందని అనుకుంటారంట.

జట్టు పేరు గద్దలు.
యాడివో కాదు, చికెన్ అంగడి మిద్దె మీద
పొద్దుగూకులూ కాచుకోని ఉండేవే.
పేరు సరే, యా బాసలో కుట్టేది?
ముబీన్ నాయన ఒకటన్నాడు, జెసింత అమ్మ ఇంకొకటి.
హేమాద్రి కన్నడంలోనే అని
నా గడపలో కూలబడినాడు.
నన్నడిగితే గదా!
"నువ్వు తెలుగులో కుట్టేస్తావులే అక్కా" అని
అందరూ ఒక్కటై నవ్వినారు.
ఆ నవ్వులో
కోచ్ స్టాంజిన్, లడాఖ్ పిల్లోడు, డిగ్రీ చదవతా ఉండాడు,
నా సుద్దముక్క తీసుకోని
నీలం గుడ్డ మీద ఒక రెక్క గీసినాడు.
అక్షరం ఒక్కటీ లేదు.

కాఫీపొడి రంగు దారంతో
పదమూడు మార్లు కుట్టినాను ఆ రెక్క.
కడాది వంకర పోయింది, కరెంటు లేదా పొద్దు.
విప్పతా ఉంటే జెసింత పెరుక్కునింది:
"ఇది నాకే." గోల్‌కీపరు ఆ పిల్ల.

జనవరిలో పోయినారు లడాఖ్‌కి.
ఫోన్లో చూసినాం, నేనూ, చికెన్ అంగడి బాషా.
గడ్డకట్టిన చెరువు,
దాని మీద నేను కుట్టిన రెక్కలు
పడతా, లేస్తా, మళ్ళా పడతా.
అవతలోళ్ళు నడక నేర్చిందే మంచు మీద.
మావోళ్ళకి వారానికి గంటన్నర.
మొదటి ఆట పదకొండు సున్నా.
రెండోది తొమ్మిది ఒకటి.
ఆ ఒకటికి
బాషా కత్తి పక్కన పెట్టి ఈలేసినాడు,
కొనేదానికొచ్చినాయన కోడి సంగతే మరిచిపోయినాడు.
మావోళ్ళు అని ఎప్పట్నించి అంటా ఉండానో
నాకు తెలీదు.

తిరిగొచ్చినాక జెసింత ఒకతే వచ్చింది,
భుజం కాడ జానెడు చిరుగు.
కనపడకుండా రఫ్ చేస్తాలేమ్మా అన్నాను.
"కనపడాల" అనింది.
దారాల డబ్బీ అంతా కెలికి
పసుప్పచ్చది తీసి నా చేతిలో పెట్టింది.
వడ్లగింజలంత కుట్లు, దగ్గిర దగ్గిరగా ఏసినాను.

మర్నాడు తక్కినోళ్ళంతా వరసలో.
జెర్సీలు చూస్తే కొత్తవి కొత్తవిగానే ఉండాయి.
మాక్కూడా పసుపు కుట్టు కావాల, భుజం మీదే.
చిరగందానికి కుట్టేందిరా,
పోండి, ఆడి చించుకోని రాపోండి అని
కత్తెర చూపించి తరిమినాను.

ఇప్పటికి నాలుగయినాయి.
ముబీన్‌ది మోచేతి కాడ, ఆ అన్నదమ్ములిద్దరివీ ఒక్క దినమే.
హేమాద్రిది మాత్రం ఎంత పడినా చిరగడం లేదు.
వారం వారం తెచ్చి చూపిస్తాడు:
"ఈడేమన్నా పల్చనైందా, చూడు అక్కా."
వెలుతురుకి ఎత్తి పట్టి చూస్తాను,
నిజంగానే వెతకతాను.
గట్టి గుడ్డ.
ఏరి తెచ్చింది నేనే గదా.