సున్నం ఉడికిన చోటు

బేతంచెర్లలో బయలుదేరినప్పుడు
ఆకాశం దులిపిన గోనెసంచి.
మద్దిలేటి ట్రాలీ ఆటోలో
ఎనిమిది మూటల రాతిసున్నం, ఒక ఇనుప డ్రమ్ము,
నల్లబెల్లం, కరక్కాయలు,
వరిపొట్టులో పొదిగిన రెండు డజన్ల కోడిగుడ్లు.
అన్నిటి మీదా పట్ట. పట్ట మీద
వక్కాకు నములుతూ హుసేనమ్మ.
కొలతల పుస్తకం ఒళ్లో పెట్టుకుని
ముందు సీట్లో నేను.
గండికోటకు పోతున్నాం,
రాణీమహలు గోడకు పుండు మాన్పడానికి.

బనగానపల్లె దాటుతుంటే తొలిచినుకు
అద్దం మీద అణాకాసంత పడింది.
గుట్ట మీద నవాబు బంగళా తడుస్తూ కనబడితే
"దాని గచ్చు వేరే చేతిది లే" అంది హుసేనమ్మ,
ఎవరింట్లోనో కూర రుచి చూసినట్టు.

కోయిలకుంట్ల దాటినాక ఇంక చినుకులు లేవు, వానే.
రేగడిచేలు నల్లగా ఉబ్బినాయి.
ఒక రైతు గట్టు మీద నిలబడి
గొడుగు మూసేసి తడుస్తున్నాడు.
పట్టకు ఎక్కడో చిల్లి ఉన్నట్టుంది.
మాకు తెలియలేదు, సున్నానికి తెలిసింది.

"అబ్బీ, నిలుపు. నా కింద కాల్తాంది."

దిగి చూస్తే మూట నోట్లోంచి పొగ.
ఎదురుగా కుందూ, వంతెనను మింగి,
ఎర్రగా, తొందరగా, ఎవరినీ పలకరించకుండా పోతోంది.
ఇవతల ఆగిన లారీలు, ఒక పెండ్లి బస్సు,
గొర్రెల మందతో ఇద్దరన్నదమ్ములు.
మద్దిలేటి టైరును తన్నాడు.
"ఈ పాడు వాన..." అని నోరు తెరిచాడో లేదో
ఆమె అందుకుంది:
"ఏయ్! మూడేండ్లు కప్పలకు పెండ్లిండ్లు చేసి పిలిస్తిమి.
ఇంటికొచ్చినాక తిడ్తావా?"

మా సీమలో వానను తిట్టే నోరు
ఇంకా పుట్టలేదు.
నా అంచనా మాత్రం తడిసిపోతోంది:
మూట వెల ఇంత, బాడుగ ఇంత,
కాంట్రాక్టరు కేక ఇంత.

"యాడైనా నీళ్లు పొయ్యాల్సిందే గదా,
ఈడ పోస్తే ఏం పోయింది?"
డ్రమ్ము దింపించింది. కాలే మూట అందులో గుమ్మరించింది.
కుందూ నీళ్లు కడవతో పోస్తే
సున్నం బుసకొట్టింది, పగిలింది, పెటపెటలాడింది,
తెల్లని ఆవిరి లేచి
పెండ్లి బస్సులో అందరినీ కిందికి దింపింది.
చలికి ముడుచుకున్న పిల్లలు చుట్టూ చేరారు.
ముసలామె కొయ్యతెడ్డుతో కలుపుతూ
తొమ్మిదేండ్లప్పుడు నాయన తనను
గానుగ దూలం మీద కూర్చోబెట్టిన సంగతి చెప్పింది.
దున్నపోతు తిరిగేది, తాను నిద్రపోయేదంట,
లేచేసరికి సున్నం వెన్నయ్యేదంట.

ఎవరు అడిగారో గుర్తు లేదు,
బహుశా పెండ్లికొడుకు తమ్ముడు:
"అవ్వా, ఇంత వేడిలో గుడ్డు ఉడుకుతాదా?"
నేను వద్దనేలోపే
మద్దిలేటి సత్తు క్యారియర్ డ్రమ్ములో దించాడు.
గోడకు నునుపు రావడానికి తెచ్చిన గుడ్లు
ఇరవై నాలుగు,
ఉప్పు లేకుండా, చేతులు మారి,
పెండ్లికూతురికి ఒకటి,
గొర్రెల కాపర్లకు చెరొకటి,
లారీ క్లీనరుకు సగం.
నాకూ ఒకటిచ్చారు. తిన్నాను.

కుందూ తెల్లవారుజామున తగ్గింది.

గండికోటలో పెన్న
ఎర్రరాళ్ల నడుమ లోతులో ఉరుముతోంది.
పావురాల గోపురం మీద ఒక్క పావురమూ లేదు.
రాణీమహలు గోడను హుసేనమ్మ
ముందు అరచేత్తో తడిమి చూసింది,
జ్వరం చూసినట్టు కాదు,
బర్రెను కొనేటోళ్లు చూసినట్టు.
తెల్లసొన లేదని గొణిగింది.
బెల్లం నీళ్లు ఒక పాలు ఎక్కువ కలిపింది.

సాయంత్రం పుస్తకం తెరిచాను.
గుడ్లు: రెండు డజన్లు.
వాడిన చోటు
అన్న గడి దగ్గర కలం ఆగింది.
బయట మళ్లీ వాన మొదలైంది.
కొత్త పూత మీద పట్ట కప్పమని
ఆమె అరుస్తోంది.
పుస్తకం మూసి పరిగెత్తాను.