ఖాళీ బరువు

మిల్లు గేటు పక్కన కాటా గదిలో కూచుని
రోజుకి నలభై లారీల బరువు రాస్తాను.
లోడుతో ఒకసారి, దింపాక ఒకసారి.
మొదటిదాంట్లో రెండోది తీసేస్తే మిగిలేదే ధాన్యం.
పదకొండేళ్లుగా నా చేతికి అలవాటైన లెక్క అదొక్కటే.

ఇంట్లో లెక్కలు హన్వితవి.
స్కూల్లో ఎవరో చెప్పారట, నా ఫోన్లోకి ఎక్కించింది,
"మెతుకు" అని ఒక ఆట.
తిన్నాక కంచాలకి ఫోటో తియ్యాలి.
ఏమీ పారెయ్యకపోతే తెర మీద వరి దుబ్బు
ఒక పిలక వేస్తుంది.
పారేస్తే ఆకు పండిపోతుంది.
వంతులు లేని నీళ్లు, ఎలకలు పడని చేను,
ఇలాంటి మడి పాలకొల్లు చుట్టుపక్కల
నేనెక్కడా చూళ్లేదు.

మొదటివారం ఇల్లంతా తీర్థమే.
కూరలో కరివేపాకు కనపడితే ఏరి పారేసే మా ఆయన సూర్యచంద్రం
పాయింటు పోతుందని నమిలి మింగాడు.
ములక్కాడ పిప్పి కూడా లెక్కేనా అని
మా అత్తగారు మంగాయమ్మ రెండుసార్లు అడిగింది.
ఆరో క్లాసు బి సెక్షన్లో మా ఇల్లు
పదిహేడో స్థానం నుంచి నాలుగుకి వచ్చింది.
పైనున్నది చిట్టూరి వాళ్లబ్బాయి. వాళ్లకి గేదె ఉంది.
"కుడితిలో పోసేస్తారమ్మా! అది మోసం కదా?
గేదె తింటే తిన్నట్టా, పారేసినట్టా?"
గిన్నెలు సర్దుతూ విననట్టు ఊరుకున్నాను.

ఎందుకంటే అప్పటికే ప్రతి రాత్రీ
అందరూ పడుకున్నాక పొయ్యి పక్కన నిలబడి
అడుగున మిగిలిన కంద బచ్చలి కూర,
పొద్దుటి చారు, గట్టిపడ్డ అన్నం గిద్దెడు
ఒకే ముద్దగా కలిపి మింగుతున్నాను.
కంచం లేదు. ఆకలీ లేదు.
దుబ్బుకి ఇరవై మూడో పిలక రావాలి,
అంతే.

లంకలో అమ్మమ్మ వాళ్లింట్లో
తరవాణి కుండ ఉండేది.
మిగిలిన అన్నం అందులోకి, గంజి అందులోకి.
ఒక్క మెతుకు మట్టిలో పడనిచ్చేవాళ్లం కాదని
ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు మావాళ్లు.
ఆ పుల్లటి నీళ్లు పొద్దున్నే ఎవరు తాగేవారో మాత్రం
చెప్పుకోరు.
నాకు గుర్తుంది. పెరటి గుమ్మంలో
ఉల్లిపాయ కొరుక్కుంటూ అమ్మమ్మ,
గుమ్మానికి అవతల పాలేరు.
తాతయ్యకి ఎప్పుడూ వేడన్నమే.

ముప్పయ్యో రోజు "బంగారు కంకి" వచ్చింది.
తెర మీద టపాసులు పేలాయి.
సూర్యచంద్రం స్టేటస్ పెట్టాడు.
ఆ రాత్రే, ఫ్రిజ్ తలుపు తీసి
మామిడికాయ పప్పు వేలితో తీసుకుంటుంటే
ఆ వెలుతురు చివర హన్విత. మంచినీళ్లకి లేచింది.
"నీకింకా ఆకలా?"
అబద్ధం నోటిదాకా వచ్చింది. నోట్లో పప్పుంది.

చాలాసేపు ఏమీ అనలేదు అది.
ఫోన్ తెచ్చి వెతికింది.
తిన్నాం, దాచాం, ఇచ్చాం, పారేశాం. నాలుగే.
"అమ్మలో పడేశాం అని లేదు," అంది.
నవ్వలేదు.
చివరిదాని మీద వేలు పెట్టింది.
కంకి ఊడి తెర అడుక్కి జారిపోయింది.

మర్నాడు బియ్యం అదే కొలిచింది.
నేను పోసిన రెండు సోలల్లోంచి
గిద్దెడు మళ్లీ డబ్బాలో పోసేసి
మూత గట్టిగా నొక్కింది.
రాత్రి నలుగురం ఒకేసారి కూచున్నాం.
మా ఆయనకి అన్నం చాల్లేదు.
గిన్నెలోకి చూశాడు, నా కంచంలోకి చూశాడు,
మజ్జిగ తాగి లేచాడు.

ఇప్పుడు మాది ఇరవై ఆరో స్థానం.

ఇవాళ మధ్యాహ్నం లారీలు లేని వేళ
కాటా మీదకి నేనెక్కాను.
లారీలు తూచే కాటాకి పది కిలోల లోపు తేడా ఆనదు.
అరవై అంది.
యాభై ఆరైనా అరవయ్యే, అరవై నాలుగైనా అరవయ్యే.
ఇది లోడు బరువా, ఖాళీ బరువా,
ఏ గడిలో రాయాలో తెలియక
పెన్ను చెవి మీద పెట్టుకుని
హారన్ కొడుతున్న లారీకి గేటు తీశాను.